రాత్రి టపా – ఇంటి దీపము

జాబు కొరకు ఎదురుచూచుట ఎరుగని ఇల్లు మన ఉద్దానపు తీరమున లేదనవచ్చును. కొబ్బరి, జీడి, పనస తోటలతో నేల పచ్చగా ఉన్నను, ఆ పచ్చదనము ఇంటిల్లిపాదికి ఏడాది పొడుగున తిండి పెట్టజాలనందున, మగవారు పొట్ట చేతబట్టుకొని దూరదేశములకు పోవుట ఇక్కడ తరతరములుగా ఉన్న సంగతియే. కళింగపట్నము, బారువ రేవులలో ఆగిన పొగఓడలెక్కి రంగూనుకు పోయినవారు ఎందరో. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షకు మించి ఉండిరి. వారు ఎవరిచేతనో వ్రాయించి పంపిన జాబు, కూడబెట్టి పంపిన మనియార్డరు ఎప్పుడు వచ్చునా యని, తపాలా జవాను అడుగుల చప్పుడుకు చెవియొగ్గి కూర్చున్న తల్లులు, ఇల్లాండ్రు ఈ తీరపు చరిత్రలో పేరులేని పాత్రలు.

నౌపడవంటి రైలు కూడలికి ఈ సంగతి మరింత బాగుగా తెలియును. ఒకవైపు ఉప్పుమడులు, వేరొకవైపు కలకత్తా నుండి మద్రాసుకు పోవు పెద్దలైను. 1900లో పర్లాకిమిడి రాజావారి పూనికతో ఇక్కడ నుండి పర్లాకిమిడికి చిన్నగేజి రైలుమార్గము ఏర్పడినది. 1931లో అది గుణుపురము వరకు పెరిగినది. 2004లో ఆ చిన్నబండి నిలిచిపోయి, 2011లో పెద్దగేజి బండియై తిరిగి వచ్చినది. కాలము మారినను, దూరముననున్న మనిషికిని ఇంటికిని నడుమ ఎవరో ఒకరు రాత్రింబవళ్లు మేలుకొని ఉండవలెనన్న నిజము మాత్రము మారలేదు. ఆ మేలుకొన్నవారిని గూర్చి, వారికొరకు మేలుకొన్న వారి ఇండ్లను గూర్చి తీసిన పాత చలనచిత్రము నొకదానిని నేడు చదువరులకు పరిచయము చేయదలచినాము.

1933లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి విమానమార్గము కరాచీ నుండి కలకత్తాకు, అక్కడ నుండి రంగూనుకు, సంవత్సరాంతమునకు సింగపూరుకు సాగినది. ఓడలో రోజుల తరబడి నడచిన రంగూను టపా ఆకాశమార్గము పట్టినది. ఆ సంవత్సరముననే అమెరికాలో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ ‘నైట్ ఫ్లైట్’ అను చిత్రమును విడుదల చేసినది. డేవిడ్ సెల్జ్‌నిక్ నిర్మాత, క్లారెన్స్ బ్రౌన్ దర్శకుడు. జాన్ బారీమూర్, ఆయన అన్న లయొనెల్ బారీమూర్, క్లార్క్ గేబుల్, హెలెన్ హేస్, రాబర్ట్ మంట్‌గొమరీ, మిర్నా లాయ్ – ఇందరు పేరుగాంచిన నటులు ఒక్క చిత్రమున చేరుట ఆనాటికి పెద్ద విశేషము.

కథ దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఏరీస్ నగరమున జరుగును. ఆద్యంతములు కలిపి ఒక్క పగలు, ఒక్క రాత్రి. మూడు దిక్కుల నుండి టపా విమానములు ఆ నగరమునకు రావలెను. అవి తెచ్చిన సంచులన్నియు ఒకచోట చేర్చి, మరొక విమానము ఉత్తరముగా బ్రెజిలునకు బయలుదేరవలెను. ఈ ఏర్పాటుకు అధిపతి రివియేర్ (జాన్ బారీమూర్). వయసు మీరినవాడు, నిద్ర లేనివాడు, ఎవరిని మన్నింపనివాడు. పెల్లెరాన్ అను చోదకుడు (మంట్‌గొమరీ) ఆండీస్ పర్వతములలో తుపాను నుండి తప్పించుకొని ఎట్లో వచ్చి చేరును. దక్షిణమున పాటగోనియా నుండి వచ్చుచున్న ఫాబియాన్ (గేబుల్) గాలివానలో దారి తప్పును. క్రింద నేల కనబడదు. దీపములు కనబడవు. వైర్‌లెస్ మాటలు తెగిపోవును. ఒకసారి మేఘములను చీల్చుకొని పైకి పోగా అక్కడ తెల్లని వెన్నెల. ఆ వెన్నెల అందమైనదే గాని, ఇంధనము కొలదిగానే మిగిలియున్నది. తుదకు చోదకుడును, అతని వెంటనున్న వైర్‌లెస్ ఆపరేటరును సముద్రముపాలగుదురు.

ఇంటిలో ఫాబియాన్ భార్య (హెలెన్ హేస్) భోజనము సిద్ధము చేసుకొని కూర్చుండును. విమానము రావలసిన గడియ దాటును. ఆమె టెలిఫోను చేయును. జవాబులో తడబాటు వినబడును. తాళలేక రివియేర్ కచేరీకి పోవును. అక్కడ బల్లలు, గోడపటములు, గడియారములు, వ్రాతలో మునిగిన గుమాస్తాలు. ఆ పనిచోటులో ఆమె దుఃఖమునకు కూర్చుండుటకైనను తావు లేనట్లుండును. ఈ చిత్రములో గేబుల్ దాదాపు ఎల్లవేళల విమానములోనే, ఆమె ఎల్లవేళల నేలమీదనే. భార్యాభర్తల ఎడబాటును చూపుటకు ఇంతకంటె మాటలు అక్కరలేదు.

ఈ కథ గాలిలో పుట్టినది కాదు. దీనికి మూలము ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరీ వ్రాసి, 1931లో ఫెమినా బహుమానము పొందిన చిన్న నవల. ఆయన స్వయముగా టపా విమానచోదకుడు. 1926లో లాతెకొయేర్ సంస్థలో చేరి, 1929లో బ్యూనస్ ఏరీస్‌కు పోయి అక్కడి విమానపు టపా ఏర్పాట్లకు అధికారియైనాడు. రివియేర్ పాత్రకు నమూనా ఆయన పై అధికారి డిడియే డోరా. నవలను ఆయనకే అంకితము చేసినాడు.

రాత్రివేళ ఎగురుట ఎందుకను ప్రశ్న విద్యార్థులకు తోచవచ్చును. రివియేర్ తర్కము సులువైనది. పగలు విమానము రైలును, ఓడను దాటిపోవును. చీకటిపడగానే విమానము దిగి నిలుచును. రైలు నిలువదు, ఓడ నిలువదు. పగలు గెలుచుకొన్న గంటలను రాత్రి పోగొట్టుకొన్నచో విమానపు టపాకు వ్యాపారముగా బ్రదుకు లేదు. కాని ఆనాటికి రాడారు లేదు. నమ్మదగిన వాతావరణ సూచనలు లేవు. చోదకునకు దారి చూపునవి దిక్సూచియు, నేలమీది దీపములును మాత్రమే. అమెరికాలో 1921 ఫిబ్రవరిలో జాక్ నైట్ అను చోదకుడు నడిరాత్రి నెబ్రాస్కా నుండి చికాగో వరకు టపా చేరవేసినప్పుడు, దారిలోని ఊళ్లవారు భోగిమంటలవంటి మంటలు వేసి అతనికి త్రోవ చూపిరి. ఆ దేశములో ప్రభుత్వపు విమానటపా నడచిన 1918–1927 నడుమ ముప్పైమందికి పైగా చోదకులు ప్రాణములు గోల్పోయిరి. ఒక్కొక్క ఉత్తరము వెల ఎంతయో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఈ చోటనే చిత్రమునకును నవలకును ఒక ముఖ్యభేదమున్నది. నవలలో విమానములు మోసినది ఉత్తరములను మాత్రమే. ప్రేమలేఖలు, వ్యాపారపు లెక్కలు, క్షేమసమాచారములు. వీనికొరకు ఒక మనిషి చావవచ్చునా యని రివియేర్ తనను తానే ప్రశ్నించుకొనును. తృప్తికరమైన సమాధానము దొరకకయే పనిని సాగించును. చిత్రనిర్మాతలకు ఇది చాలలేదు. ప్రేక్షకులు ఒప్పుకొనరని భయపడినారేమో! రియో నగరములో పోలియో వ్యాధి వ్యాపించినట్లు, ఒక బిడ్డ ప్రాణము నిలుపుటకు చిలీ దేశము నుండి సీరమ్ మందు రావలసియున్నట్లు కథకు చేర్చినారు. కడపట మందు చేరును, బిడ్డ బ్రదుకును. ఒక ప్రాణము పోయినను మరొక ప్రాణము నిలిచినదని ప్రేక్షకుడు ఊరట చెందును.

కాని జాగ్రత్తగా చూచినచో ఈ ఊరటలో ఒక లోపమున్నది. మందు వచ్చినది ఆండీస్ దాటిన పెల్లెరాన్ విమానములో. చనిపోయిన ఫాబియాన్ విమానములో నున్నవి ఉత్తరములే. కనుక బిడ్డ బ్రదుకుట ఫాబియాన్ చావునకు సమాధానము కాజాలదు. చిత్రము దాచబోయిన ప్రశ్న చిత్రములోనే మిగిలిపోయినది. ఉత్తరమునకు ప్రాణమంత విలువ ఉన్నదా?

ఈ ప్రశ్నకు హాలీవుడ్ చెప్పలేని సమాధానము ఉద్దానపు ముసలమ్మ చెప్పగలదు. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మొదటి నెలలలో అక్కడి భారతీయులు లక్షల సంఖ్యలో అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరినారు. ఎందరో త్రోవలోనే రాలిపోయినారు. ఆ నెలలలో ఇండ్లకు జాబులు లేవు. బ్రదికియున్నాడని వ్రాసిన ఒక్క కార్డుముక్క ఆ ఇంటికి ఏ మందునకు తీసిపోవును? అట్టి కార్డును మోయువాడు మందును మోయువానికంటె తక్కువవాడని ఆ ఇంటివారు ఒప్పుకొనరు. జాబును తేలికగా చూచినది జాబుకొరకు ఎదురుచూడవలసిన అగత్యము లేనివారే. ఆ విషయమున నవల చిత్రముకంటె నిజాయితీ గలది.

అయితే రివియేర్ చేసినది సబబేనా? ఉపాధ్యాయులు ప్రత్యేకముగా ఆలోచింపదగిన ఘట్టమొకటి చిత్రములో నున్నది. రాబినో (లయొనెల్ బారీమూర్) అను తనిఖీ అధికారి ఒంటరివాడు, చర్మవ్యాధితో బాధపడువాడు, స్నేహమునకు మొగము వాచినవాడు. పర్వతముల నుండి బ్రదికి వచ్చిన పెల్లెరాన్‌తో కలిసి ఒకపూట భోజనము చేయును. ఇది తెలిసి రివియేర్ ఆ అధికారి చేతనే పెల్లెరాన్‌పై అభియోగము వ్రాయించి సంతకము పెట్టించును. తప్పు లేకున్నను శిక్ష! నీ ఆజ్ఞవలన రేపు చావునకు వెళ్లవలసినవానితో నీవు చెలిమి చేయరాదని ఆయన వాదము. క్రమశిక్షణ పేరిట న్యాయమును బలిపెట్టు ఈ పద్ధతి మనకు రుచింపదు. బడిలో తప్పు చేయని పిల్లవానిని తక్కినవారి భయముకొరకు దండించు గురువును మనము మెచ్చుకొనము గదా! కాని రివియేర్ తనకు తానుగా ఏ సుఖమును మిగుల్చుకొనలేదనియు, ఆ రాత్రి అందరికంటె ఎక్కువ మేలుకొన్నది ఆయనయే యనియు కూడ చిత్రము మరువనీయదు. జాన్ బారీమూర్ ఆ పాత్రను రాక్షసునిగా గాని దేవునిగా గాని చేయక, అలసిన మనిషిగా నిలిపినాడు.

కుటుంబము విషయమున చిత్రము అడుగవలసి అడుగని ప్రశ్న మరొకటి కలదు. కచేరీ నుండి తిరిగి వెళ్లిన ఆ ఇల్లాలు మరునాటి నుండి ఎట్లు బ్రదుకును? దీనికి జవాబు ఆ చోదకుల నిజజీవితములో నున్నది. సాంతెగ్జుపెరీకి ప్రాణమిత్రుడు ఆంరీ గియోమే. 1930 జూన్ నెలలో చిలీ నుండి ఆండీస్ దాటుచు మంచుతుపానులో చిక్కి, లగూనా డయమాంటే అను కొండసరస్సు వద్ద దిగినాడు. విమానము తలక్రిందులైనది. తుపాను తగ్గిన పిమ్మట తిండి లేక, మంచులో, ఐదు పగళ్లు నాలుగు రాత్రులు నడచినాడు. ఒకచోట పడిపోయి ఇక లేవరాదనుకొన్నాడు. అప్పుడతనికి భార్య గుర్తుకు వచ్చినది. జీవితభీమా గుర్తుకు వచ్చినది. శవము దొరకనిచో, మృతుడని చట్టము ఒప్పుకొనుటకు నాలుగేండ్లు పట్టును. అంతవరకు భీమా సొమ్ము రాదు. మంచులో పడియున్నచో వేసవిలో కరిగి ఏ లోయలోనో కొట్టుకొనిపోవును. ఎదుట కొలది దూరమున ఒక రాయి కనబడినది. దానికి ఆనుకొని చచ్చినచో శవమైనను దొరకును. అందుకొరకు లేచినాడు, లేచినవాడు నడచుచునే పోయి బ్రదికినాడు. ఈ ఉదంతమును సాంతెగ్జుపెరీ 1939లో వెలువరించిన మరొక గ్రంథమున వివరించినాడు.

సాహసగాథలలో చెప్పని సత్యమిది. గియోమేను నిలబెట్టినది కీర్తికాంక్ష గాదు, ఇంటి లెక్క. మన కడలితీరమున ఈ మాట తేలికగా అర్థమగును. వేటకు పోయిన పడవ తిరిగిరాక, శవము దొరకక పోయినచో, ఏడేండ్లు జాడ తెలియనివానినే మృతునిగా భావించు నియమము 1872 నాటి సాక్ష్యచట్టము నుండి నేటి 2023 చట్టము వరకు ఉన్నది. ఆ ఏడేండ్లు ఆ ఇల్లాలు భర్త ఉన్నదియు కాదు, లేనిదియు కాదు. బొట్టు విషయమున ఊరు ఒక మాట అనును, కచేరీ మరొక మాట అనును. ఫాబియాన్ భార్య దుఃఖమును చక్కగా చూపిన చిత్రము, ఆమె బియ్యపుడబ్బా వైపు చూడలేదు.

ఇక మన దేశపు సంగతి. విమానములో అధికారికముగా టపా మోయుట ప్రపంచమునకు నేర్పినది మన అలహాబాదే. 1911 ఫిబ్రవరి 18న ఆంరీ పెకే అను ఫ్రెంచి చోదకుడు సుమారు 6,500 ఉత్తరములతో యమున దాటి నైనీకి ఎగిరినాడు. దూరము 6 మైళ్లు. పట్టిన కాలము దాదాపు 13 నిమిషములు. ఆ ఉత్తరములపై వచ్చిన రుసుము ఒక విద్యార్థి వసతిగృహ నిధికి చేరుటకు ఉద్దేశింపబడినదన్నచో మన విద్యార్థులు సంతోషింతురు.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి చిన్న పస్‌మాత్ విమానములో సుమారు 25 కిలోల టపాతో అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి వచ్చినాడు. అక్కడ నుండి నెవిల్ విన్సెంట్ ఆ సంచులను తీసుకొని బళ్లారిలో ఆగి మద్రాసు చేరినాడు. బళ్లారి ఆనాడు మద్రాసు రాష్ట్రములోని తెలుగు, కన్నడ భాషల కూడలి. విమానపు టపా మొట్టమొదట తెలుగు చెవులకు రొద వినిపించిన ఊళ్లలో అది యొకటి. తరువాతి సంవత్సరములలో హైదరాబాదును ఆ మార్గమున చేరినది. రేడియో సహాయము లేదు. రాత్రి దిగుటకు ఏర్పాట్లు లేవు. వానకాలములో జుహూ మైదానము బురదమయమగుటచే కార్యస్థానమును పూనాకు మార్చుకొనవలసివచ్చినది. అయినను వేళ తప్పక నడచినందుకు పౌరవిమానశాఖవారు ఆ సంస్థను ప్రశంసించిరి.

‘నైట్ ఫ్లైట్’ కథకు అచ్చమైన భారతీయ ప్రతిరూపము మాత్రము 1949 జనవరి 30న ఆరంభమైన రాత్రి విమానటపాయే. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల నుండి నాలుగు డకోటా విమానములు చీకటిపడిన పిమ్మట బయలుదేరి, నడిరేయికి నాగపురమున కలియును. సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తమ తమ నగరములకు తిరిగి చేరును. బ్యూనస్ ఏరీస్‌లో రివియేర్ పన్నిన ఏర్పాటు ఇదియే. ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి దేశములోని సామాన్యపు ఉత్తరములను, కార్డులను కూడ, వేగిరము చేరునన్నచో అదనపు రుసుము లేకయే విమానములో పంపు పద్ధతి వచ్చినది. ధనవంతుని కవరుకును, నౌపడ ఉప్పుకూలీ వ్రాయించిన కార్డుకును ఆకాశములో ఒకటే స్థానము లభించినది. ప్రజాస్వామ్యమన్న పదమునకు ఇంత చక్కని ఉదాహరణ పౌరనీతి పాఠములలో కూడ అరుదు.

దీనికిని వెల చెల్లింపక తప్పలేదు. 1953 డిసెంబరులో నాగపురము నుండి మద్రాసుకు రాత్రివేళ బయలుదేరిన డకోటా, ఎగిరిన కొలది క్షణములకే కూలి, చోదకుడు తప్ప తక్కిన 13 మంది మరణించిరి. మరునాడు మద్రాసు విమానమునకు ఎదురుచూచిన ఇండ్లలో ఫాబియాన్ ఇంటివంటి ఇండ్లు ఎన్ని ఉండెనో!

ఆ నవలాకర్త జీవితము కూడ తన పాత్ర జీవితమువలెనే ముగిసినది. జాన్ మెర్మోజ్ అను సహచరుడు 1936లో దక్షిణ అట్లాంటికుపై మాయమైనాడు. గియోమే 1940లో మధ్యధరాసముద్రముపై యుద్ధమున కూల్చబడినాడు. 1944 జూలై 31న సాంతెగ్జుపెరీ ఎక్కిన సైనిక విమానము తిరిగి రాలేదు. దాని శిథిలములు మార్సేల్ సమీపమున సముద్రగర్భములో 2000లో కనబడి, 2004లో నిర్ధారణయైనవి. అరువదేండ్లు జవాబు రాని జాబు అది. చిత్రమునకును వింత గతి పట్టినది. హక్కుల గడువు తీరుటచే 1942లో ప్రదర్శనల నుండి ఉపసంహరింపబడి, 2011 వరకు ప్రజలకు కనబడకయుండెను.

నేడు చేతిలో ఫోను ఉన్నది. ఇట్టి కథలతో పని ఏమని విద్యార్థులడుగవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరిచెట్లతో పాటు విద్యుత్ స్తంభములును కూలినవి. ఫోనులు మూగవోయినవి. దూరదేశములలోని కొడుకులు ఇంటి క్షేమము తెలియక తల్లడిల్లిరి. ఆ దినములలో ఎదురుచూచుట అను పాతవిద్య మనకు మరల అక్కరకు వచ్చినది. ఆ సంవత్సరముననే గుజరాతు తీరము నుండి వేటకు పోయిన శ్రీకాకుళపు మత్స్యకారులు పాకిస్తాను చెరలో పడి, 2020 జనవరిలో గాని ఇండ్లకు చేరలేదు. ఆ ఉదంతము ఆధారముగా 2025లో ‘తండేల్’ అను తెలుగు చిత్రము వచ్చినది. సముద్రముపై మగడు, ఒడ్డున ఇల్లాలు – తొంబదేండ్ల క్రిందటి చిత్రమునకును దీనికిని దేశము వేరు, వాహనము వేరు, గుండెదడ ఒక్కటే.

ఉపాధ్యాయులు వీలున్నచో ఈ రెండు చిత్రములను విద్యార్థులకు ఒకదాని వెంట నొకటి చూపి, ఒక్క ప్రశ్న అడుగవచ్చును: మనకు చేరిన ప్రతి వార్త వెనుక ఎవరెవరు మేలుకొనియుండిరి? సమాధానములో చోదకుడు వచ్చును. రైలులో సంచులు విప్పి ఉత్తరములు వేరుచేయు ఉద్యోగి వచ్చును. వానలో సైకిలు నడిపించుకొని తోటల నడుమ పోవు తపాలా జవాను వచ్చును. తుపాను మరునాడు స్తంభమెక్కు విద్యుత్ కార్మికుడు వచ్చును. వీరిలో ప్రతివారికిని ఒక ఇల్లున్నది. ఆ ఇంటిలో అన్నము గిన్నెపై మూతపెట్టి, దీపము తగ్గించి, నిద్రపోక కూర్చున్నవారొకరున్నారు. మనకు అందిన జాబులో వారి జాగరణము కూడ చేరియున్నదని గ్రహించిన విద్యార్థి, పాఠములో అడుగని ప్రశ్నకు కూడ జవాబు నేర్చినవాడగును.